అట్లాంటిక్ బానిస వ్యాపారం, దాని చరిత్ర, దాని సాహిత్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

బానిసత్వం ప్రపంచమంతటా ఉన్నదే కదా, అట్లాంటిక్ వ్యాపారాన్ని ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకోవాలి?

ఉన్నదే. యుద్ధంలో చిక్కినవారినీ, అప్పు తీర్చలేకపోయినవారినీ, కరువు రోజుల్లో తల్లిదండ్రులు అమ్ముకున్న పిల్లలనూ బానిసలుగా వాడుకోవడం రోములోనూ, అరబ్బు దేశాల్లోనూ, ఆఫ్రికాలోనూ, మన దేశంలోనూ జరిగింది. అయితే ఒంటి రంగును చూసి మనిషిని బానిసగా నిర్ణయించడం, ఆ దాస్యాన్ని తరతరాలకూ చట్టంతో కట్టివేయడం, వాటాలూ, బీమా, సరుకు పట్టీలూ ఉన్న మామూలు వర్తకంలా ఇదంతా నడపడం అట్లాంటిక్ మీదనే పరాకాష్ఠకు చేరాయి. వర్జీనియా వలస రాజ్యం 1662లో చేసిన చట్టం ప్రకారం బిడ్డ బానిసా కాదా అన్నది తల్లి స్థితిని బట్టే తేలుతుంది. అంటే బానిస స్త్రీ వల్ల తనకు పుట్టిన బిడ్డను యజమాని తన ఆస్తి జాబితాలో రాసుకోవచ్చు, కావాలంటే అమ్ముకోవచ్చు. అమెరికన్ బానిసల ఆత్మకథల్లో కన్నతండ్రి పేరు చెప్పలేని పిల్లలు ఇంతమంది ఎందుకు కనిపిస్తారో ఈ ఒక్క చట్టంతో అర్థమవుతుంది.

ఈ వ్యాపారం ఎప్పుడు, దేనికోసం మొదలైంది?

1444లో పోర్చుగల్ దక్షిణ తీరంలోని లాగోస్ రేవులో 235 మంది ఆఫ్రికన్ బందీలను దించి వాటాలు వేసుకున్నారు. ఆ సంఘటనను గ్రంథస్థం చేసిన ఆస్థాన చరిత్రకారుడు జురారా, తల్లుల నుంచి బిడ్డలను విడదీస్తుంటే తనకు కన్నీళ్ళు ఆగలేదని రాశాడు. రాసి, వీళ్ళ ఆత్మలకు మోక్షం దొరుకుతుంది కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. 1482లో పోర్చుగీసువారు నేటి ఘనాలో ఎల్మినా కోట కట్టారు. మొదట వారు వచ్చింది బంగారం కోసం.

వ్యాపారాన్ని లక్షల్లోకి పెంచింది మాత్రం పంచదార. చెరకు కొట్టాక ఎక్కువసేపు ఆగితే రసం పాడవుతుందని మన ఊళ్ళలో బెల్లం వండేవారికి చెప్పనక్కరలేదు. అందుకే బ్రెజిల్‌లోనూ, కరీబియన్ దీవుల్లోనూ కోతల కాలంలో గానుగలు రాత్రింబవళ్ళు తిరిగేవి. నిద్రమత్తులో చెరకు అందించే మనిషి చెయ్యి దిమ్మెల మధ్య చిక్కితే, శరీరం మొత్తం లోపలికి పోకముందే ఆ చేతిని నరికివేయడానికి పక్కనే ఒక గొడ్డలి ఉంచేవారు. వోల్టేర్ 1759లో ప్రచురించిన ‘కాండీడ్’లో సూరినామ్ దారి పక్కన ఒక చెయ్యీ ఒక కాలూ లేని బానిస కనిపించి, మీరు యూరప్‌లో పంచదార తింటున్నది ఈ ధరకే అంటాడు. ఆ మాటను వ్యంగ్య రచయిత అతిశయోక్తి అనుకునేవారు గానుగ పక్కనున్న గొడ్డలిని గుర్తుంచుకోవాలి.

మొత్తం ఎంతమందిని తరలించారు? ఆ లెక్క ఎలా తెలిసింది?

16వ శతాబ్దం మొదలు 1860ల దాకా ఆఫ్రికా తీరంలో ఓడ ఎక్కించినవారు సుమారు 1 కోటి 25 లక్షల మంది. అవతలి ఒడ్డున దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షల మంది. ఈ రెండింటి మధ్య తేడా అయిన 18 లక్షల మంది దారిలోనే పోయారు. దిగినవారిలో 49 లక్షల మంది దాకా బ్రెజిల్‌కే చేరారు. నేటి అమెరికా సంయుక్త రాష్ట్రాల భూభాగానికి నేరుగా వచ్చినవారు 4 లక్షలకు లోపే. మనకు తెలిసిన కథల్లో ఎక్కువ భాగం ఈ చిన్న వాటా నుంచే వచ్చాయి.

రేవు సుంకాల పుస్తకాలు, బీమా పత్రాలు, కప్తాన్ల దినచర్యలు కలిపి 36,000 ప్రయాణాల వివరాలను పరిశోధకులు కూర్చారు. ఆ కాగితాల్లో తలల లెక్క ఉంటుంది, పేర్లుండవు. పేర్లు రాయడం మొదలైంది వ్యాపారాన్ని నిషేధించిన తర్వాతే: నిషేధాన్ని ఉల్లంఘించిన ఓడలను పట్టుకుని సియెరా లియోన్‌లోని ఫ్రీటౌన్‌కో, క్యూబాలోని హవానాకో తెచ్చినప్పుడు, విడుదలైనవారి పేరు, వయసు, ఎత్తు అక్కడి గుమాస్తాలు నమోదు చేశారు. అలా దక్కిన పేర్లు 90 వేలకు పైగా ఉన్నాయి. కోటీ ఇరవై అయిదు లక్షల్లో తొంభై వేలు.

మనుషుల్ని దేన్ని ఇచ్చి కొన్నారు? ఇందులో మన తీరానికి సంబంధం ఉందా?

ఉంది, అదీ బలంగానే. తుపాకులు, సారాయి, ఇనుప కడ్డీలు ఇచ్చి కొన్నారన్నది అందరూ చెప్పేదే. వాటితో పాటు గుడ్డ పోయింది. పశ్చిమాఫ్రికా వర్తకులు నాణ్యత తెలిసిన కొనుగోలుదారులు. రంగు కారిపోయే నాసిరకం గుడ్డను తిప్పికొట్టేవారు. వారు కోరిన నేత, అద్దకం గుజరాత్‌లోనూ, కోరమాండల్ తీరంలోనూ దొరికేవి. మచిలీపట్నం, పాలకొల్లు, ద్రాక్షారామం, భీమునిపట్నంలలో డచ్చివారు, వారితో పోటీగా ఇంగ్లీషు, ఫ్రెంచివారు బిడారాలు పెట్టుకుని కొన్న నూలు బట్టల్లో కొంత భాగం లండన్, ఆమ్‌స్టర్‌డామ్ వేలంపాటల్లో చేతులు మారి పశ్చిమాఫ్రికాలోని గినీ తీరానికి చేరింది. ఆ రకం గుడ్డకు ‘గినీ బట్ట’ అనే వ్యాపారనామమే స్థిరపడింది. తాను నేసిన గుడ్డ ఎక్కడ దేనికి మారకమవుతుందో గోదావరి మండలపు నేతగాడికి తెలిసే అవకాశం లేదు.

గవ్వల సంగతి ఇంకా విచిత్రమైనది. మాల్దీవుల్లో ఏరిన గవ్వలు బెంగాల్, సింహళం మీదుగా యూరప్ వెళ్ళే ఓడల అడుగున బరువు కోసం నింపినట్టుగా ప్రయాణించి, అక్కడి నుంచి పీపాల్లో పశ్చిమాఫ్రికాకు చేరి నాణెంగా చెలామణి అయ్యేవి. చేతిలో చిల్లిగవ్వ లేదని మనం ఇప్పటికీ అంటుంటాం. అదే గవ్వ వేల సంఖ్యలో పోగైతే ఆ తీరంలో ఒక మనిషి ధర.

ఓడలో పరిస్థితి ఎలా ఉండేది?

లివర్‌పూల్‌కు చెందిన బ్రూక్స్ అనే ఓడ కొలతలను తీసుకుని 1788లో బ్రిటన్‌లోని బానిస వ్యాపార వ్యతిరేకులు ఒక నక్షా ముద్రించారు. అందులో ఒక్కో మగవాడికి కేటాయించిన చోటు ఆరడుగుల పొడవు, పదహారు అంగుళాల వెడల్పు. స్కేలు తీసుకుని నేల మీద పదహారు అంగుళాలు కొలిచి చూడండి: మనిషి వెల్లకిలా పడుకుంటే భుజాలు పట్టవు. ఆ నక్షా చూపింది ఓడలో బందీల సంఖ్యకు పరిమితి పెట్టిన కొత్త చట్టం అనుమతించిన 454 మంది లెక్కను దృష్టిలో పెట్టుకున్న అమరిక. చట్టానికి ముందు అదే ఓడ ఒక ప్రయాణంలో 609 మందిని తీసుకువెళ్ళింది. మనుషుల్ని గీతల మధ్య నల్లని బొమ్మలుగా పేర్చిన ఆ కాగితాన్ని కాఫీ దుకాణాల గోడలకు అంటించారు. అది బందీల బాధను చూపింది గాని, వారిని మళ్ళీ సరుకుగానే గీసింది. ఈ ఇరకాటం తర్వాతి సాహిత్యాన్ని కూడా వదల్లేదు.

జాంగ్ ఓడ వ్యాజ్యాన్ని రచయితలు మళ్ళీ మళ్ళీ ఎందుకు ఎత్తుకుంటారు?

1781లో జాంగ్ అనే ఓడ 442 మందితో ఆక్రా నుంచి బయలుదేరి, జమైకాను గుర్తించక దాటిపోయింది. నీళ్ళు చాలవన్న సాకుతో నవంబరు చివరి నుంచి నావికులు సుమారు 130 మందిని బతికుండగానే సముద్రంలోకి తోసేశారు. జబ్బుతో చనిపోతే బీమా రాదు, ఓడను కాపాడటానికి సరుకు పారేస్తే వస్తుంది. యజమానులు తలకు 30 పౌన్లు చొప్పున బీమా కోరారు. జ్యూరీ వారివైపే తీర్పిచ్చింది. 1783లో ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ఎదుట పునర్విచారణ కోరినప్పుడు, తోసివేత పూర్తికాక ముందే వాన కురిసిందన్న విషయం బయటపడింది, పునర్విచారణకు అనుమతి దొరికింది. హత్యానేరం మాత్రం ఎవరి మీదా మోపలేదు.

ఈ వ్యాజ్యంలో మనుషుల గొంతు ఒక్క చోట కూడా వినిపించదు, అంతా న్యాయవాదుల మాటే. కెనడాలో స్థిరపడిన కవయిత్రి ఎమ్. నూర్‌బెసె ఫిలిప్ 2008లో ప్రచురించిన ‘జాంగ్!’ కావ్యానికి ఆ కోర్టు నివేదికలోని మాటలనే ముడిసరుకుగా తీసుకుని, వాటిని ముక్కలు చేసి పుట మీద చెదరగొట్టింది. చదవడం కష్టం, గట్టిగా పైకి చదివితేనే కొంత దారి దొరుకుతుంది.

ఆఫ్రికావారే తమవారిని అమ్ముకున్నారు కదా?

ఈ ప్రశ్న అడిగే తీరులోనే ఒక పొరపాటు ఉంది. పశ్చిమాఫ్రికాలోని దాహోమీ, అషాంటీ వంటి రాజ్యాలు పొరుగువారిని పట్టి అమ్మిన మాట నిజం. కానీ అమ్మినవారికి ‘ఆఫ్రికా’ అనే ఉమ్మడి గుర్తింపు లేదు; మరాఠా దండు బెంగాల్‌ను దోచినప్పుడు భారతీయులు భారతీయులను దోచారని ఎవరూ అనుకోలేదు కదా. ఎదిరించిన పాలకులూ ఉన్నారు. కాంగో రాజు అఫోన్సో 1526లో పోర్చుగల్ రాజుకు ఉత్తరం రాసి, తన ప్రజలను, తన బంధువులను సైతం ఎత్తుకుపోతున్నారని మొరపెట్టుకున్నాడు. వ్యాపారం ఆగలేదు.

రాబిన్సన్ క్రూసోకూ దీనికీ ఏమిటి సంబంధం?

బడిలో సంక్షిప్త రూపంలో చదివిన నాకు గొడుగు, చిలుక, ఇసుకలో పాదముద్ర మాత్రమే గుర్తున్నాయి. 1719 నాటి పూర్తి నవల తెరిస్తే వేరే మనిషి కనిపిస్తాడు. క్రూసో తాను స్వయంగా మొరాకో తీరంలో బానిసగా బతికి, షూరీ అనే కుర్రవాడి తోడుతో తప్పించుకుంటాడు. వెంటనే ఆ షూరీని ఒక పోర్చుగీసు కప్తానుకు 60 వెండి నాణేలకు ఇచ్చేస్తాడు. బ్రెజిల్‌లో తోట వేస్తాడు. అతడి ఓడ మునిగింది తోటకు కూలి మనుషుల కోసం గినీ తీరం నుంచి దొంగచాటుగా బానిసలను తేబోతున్నప్పుడే. పిల్లల కూర్పుల్లో ఈ భాగాలను కత్తిరించడం వల్ల, బానిస వ్యాపారి కథ ఒంటరివాడి సాహసగాథగా మన చేతికందింది.

దీనికి ముందే 1688లో ఆఫ్రా బెన్ ‘ఒరునోకో’ రాసింది. అందులో బానిసగా మారిన రాజకుమారుడి మీద జాలి ఉంటుంది. ఆ జాలి అతడు రాజకుమారుడు కావడం వల్ల కలిగింది. మామూలు బందీలు కథలో గుంపుగానే ఉండిపోతారు.

బానిసలుగా బతికినవారే రాసిన పుస్తకాలు ఏవి?

ఈ సాహిత్యంలో గుండెకాయ ఇదే. ఫిలిస్ వీట్లీని ఏడెనిమిదేళ్ళ వయసులో 1761లో బోస్టన్‌లో అమ్మారు. ఆమె పేరు ఆమెను తెచ్చిన ఓడ పేరు. 1773లో లండన్‌లో ఆమె కవితాసంపుటి వెలువడినప్పుడు, వీటిని ఈమే రాసిందని బోస్టన్ పెద్దమనుషులు సంతకాలు చేసిన ధ్రువపత్రం ముందు పుటల్లో జతచేయాల్సి వచ్చింది. గవర్నరు కూడా అందులో సంతకం పెట్టాడు.

ఈ ధ్రువపత్రాల బెడద తర్వాతివారికీ తప్పలేదు. 1831లో తన కథ చెప్పిన మేరీ ప్రిన్స్, టర్క్స్ దీవుల ఉప్పుమడుల్లో మోకాలి లోతు నీళ్ళలో పొద్దస్తమానం నిలబడి కాళ్ళు పుళ్ళుపడిన సంగతి వివరించింది. అది చాలలేదు. ఆమె వీపు మీది కొరడా మచ్చలను స్వయంగా చూశామన్న తెల్లజాతి స్త్రీ ఉత్తరాన్ని తర్వాతి కూర్పులో అచ్చువేశారు. హారియట్ జేకబ్స్ యజమాని నుంచి తప్పించుకోవడానికి అమ్మమ్మ ఇంటి అటక మీద దాదాపు ఏడేళ్ళు దాక్కుంది. తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఎత్తయిన చోట మూడడుగులు: అందులో నిలబడటానికి లేదు. చెక్కకు చిన్న రంధ్రాలు చేసుకుని, కింద ఆడుకుంటున్న తన పిల్లలను వాటిలోంచి చూసేది, పిలవలేకపోయేది. 1861లో మారుపేరుతో వెలువడిన ఆ పుస్తకాన్ని వందేళ్ళకు పైగా చాలామంది పండితులు కల్పితమనే భావించారు; 1980లలో ఉత్తరాలు, దస్తావేజులు సరిచూసిన తర్వాతే ఆమె మాటకు ఆమె పేరు దక్కింది.

1789లో తన జీవితకథ ప్రచురించిన ఒలౌడా ఈక్వియానో మరో తరహా. వర్తకం నేర్చి, తన ధర 40 పౌన్లు తానే కూడబెట్టి, 1766లో యజమానికి కట్టి విడుదలయ్యాడు. ఆఫ్రికాలో తన బాల్యాన్నీ, ఓడలోని దుర్గంధాన్నీ అతడు వర్ణించిన పుటలు చాలామంది చదివినవి. అయితే ఒక బాప్తిస్మపు నమోదులోనూ, ఒక ఓడ పట్టీలోనూ అతడి జన్మస్థలం కరొలైనా అని ఉంది. ఆ నమోదులు తప్పా, ఆ పుటలు ఇతరుల నుంచి విన్న జ్ఞాపకాలా అన్న వాదం సాగుతూనే ఉంది. నా మట్టుకు, రెండోదే నిజమైనా పుస్తకం విలువ తగ్గదు. చెప్పలేకపోయిన వేలమంది తరఫున చెప్పినట్టవుతుంది.

‘అంకుల్ టామ్స్ కాబిన్’కు ఇప్పుడు చెడ్డపేరు ఎందుకు వచ్చింది?

పారిపోయిన బానిసలను పట్టివ్వాలన్న 1850 నాటి చట్టానికి ఆగ్రహించి హారియట్ బీచర్ స్టో రాసిన నవల ఇది. 1852లో పుస్తకంగా వచ్చాక మొదటి ఏడాదే అమెరికాలో 3 లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. నల్లవారిని ఓర్పుగల అమాయకులుగా చూపిందన్న విమర్శ న్యాయమైనదే. కాని ‘అంకుల్ టామ్’ అనే తిట్టుకు నవల కంటే దాన్ని వెక్కిరింతగా మార్చిన నాటకాలే ఎక్కువ కారణం: నవలలో టామ్ చనిపోయేది పారిపోయిన ఇద్దరు స్త్రీల జాడ చెప్పనన్నందుకు.

‘ఏడు తరాలు’ చరిత్రా, నవలా?

తెలుగువారు ఎక్కువగా అడిగేది ఇదే. అలెక్స్ హేలీ 1976లో ప్రచురించిన ‘రూట్స్’ను సహవాసి ‘ఏడు తరాలు’గా తెలుగు చేయగా హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది, దళిత, వామపక్ష, విద్యార్థి ఉద్యమాల్లో పనిచేసిన ఎందరికో అట్లాంటిక్ బానిసత్వం అంటే ఆ పుస్తకంలో బానిసగా అమ్ముడైన కుంటా కింటే. మూలం వెలువడిన మరుసటి ఏడు టెలివిజన్‌లో ఎనిమిది రాత్రులు ప్రసారమై అమెరికాను కుదిపింది.

చరిత్రగా చూస్తే చిక్కులున్నాయి. గాంబియాలోని జుఫురె గ్రామంలో హేలీకి వంశచరిత్ర చెప్పిన వృద్ధుడి కథనం నమ్మదగినది కాదనీ, వర్జీనియా దస్తావేజులు పుస్తకంతో పొసగవనీ వంశవృక్ష పరిశోధకులు చూపారు. హెరాల్డ్ కూర్లాండర్ నవల నుంచి కొన్ని భాగాలు వచ్చి చేరాయన్న దావాను హేలీ 1978లో 6.5 లక్షల డాలర్లిచ్చి పరిష్కరించుకున్నాడు. కనుక అది నవలే. అయినా కుంటాను తెచ్చినట్టు చెప్పిన లార్డ్ లిగోనియర్ అనే ఓడ 1767లో అన్నాపొలిస్‌కు నిజంగానే వచ్చింది. ఆ ఓడలో దిగినవారి పేర్లు ఏ కాగితంలోనూ లేవు కాబట్టే హేలీ ఒక పేరును కల్పించాల్సి వచ్చిందని నేను అనుకుంటాను. తప్పు ఎక్కడంటే, కల్పనను దస్తావేజుగా అమ్మడంలో.

బ్రెజిల్‌కే ఎక్కువమంది వెళ్తే అక్కడి సాహిత్యం మనకెందుకు తెలియదు?

మనకు అనువాదాలు ఇంగ్లీషు కిటికీలోంచి రావడమే కారణం. కాస్త్రో ఆల్వెస్ 21 ఏళ్ళ వయసులో 1868లో రాసిన ‘బానిస ఓడ’ కవిత అక్కడ బడిపిల్లలకు కూడా తెలుసు. అంతకంటే నన్ను కలవరపెట్టింది మషాదో జి అసీస్ 1906లో ప్రచురించిన ఒక చిన్న కథ. దాని పేరుకు అర్థం ‘తల్లికి ఎదురుగా తండ్రి’. ఆ రచయిత నాయనమ్మ, తాతయ్యలు బానిసలుగా పుట్టినవారే. పారిపోయిన బానిసలను పట్టిచ్చి పొట్టపోసుకునే పేదవాడు, కటిక దరిద్రంలో తన పసిబిడ్డను అనాథ శరణాలయంలో వదలబోతూ దారిలో ఒక గర్భిణిని పట్టుకుంటాడు. యజమాని గుమ్మంలోనే ఆమెకు గర్భస్రావం అవుతుంది. బహుమతి డబ్బుతో అతడు తన బిడ్డను ఇంటికి తెచ్చుకుంటాడు. రచయిత ఎవరినీ తిట్టడు.

టోనీ మోరిసన్ ‘బిలవ్డ్’ నిజంగా జరిగినదేనా?

బీజం నిజం. 1856లో మార్గరెట్ గార్నర్ అనే స్త్రీ కుటుంబంతో గడ్డకట్టిన ఒహాయో నదిని దాటి, పట్టుబడే క్షణంలో తన కూతురిని మళ్ళీ బానిసత్వంలోకి పంపలేక చంపింది. 1987 నాటి నవల ఆ వార్త ఆగిన చోట మొదలై, చనిపోయిన బిడ్డను ఇంటికి తిరిగి రప్పిస్తుంది.

ఈ వ్యాపారం ఎప్పుడు రద్దయింది? నష్టపరిహారం ఎవరికి దక్కింది?

బ్రిటన్ వ్యాపారాన్ని 1807లో నిషేధించింది. అమెరికాలో దిగుమతి నిషేధం 1808 జనవరి 1న అమల్లోకి వచ్చింది. బానిసలు తామే తిరగబడి స్వేచ్ఛ సాధించుకున్నది హైతీలో, 1791 నుంచి 1804 దాకా సాగిన పోరాటంతో. బ్రిటిష్ వలసల్లో బానిసత్వం 1834 ఆగస్టు 1న రద్దయినప్పుడు 2 కోట్ల పౌన్ల పరిహారం ప్రకటించారు. అది మొత్తం యజమానులకే. దానికోసం తెచ్చిన అప్పు తాలూకు చివరి బాకీ బ్రిటిష్ పన్ను చెల్లింపుదారుల డబ్బుతో తీరింది 2015లో. బ్రెజిల్‌లో విముక్తి 1888 దాకా రాలేదు.

మారిషస్, ఫిజీలకు వెళ్ళిన మన కూలీలూ, తెలంగాణ వెట్టివారూ బానిసలేనా?

ఒకే మాటతో మూడింటినీ చుట్టేస్తే మూడూ అర్థం కావు. బానిసత్వం రద్దయ్యాక అవే చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తరలించారు. కోరంగి రేవు మీదుగా వెళ్ళినందుకు మారిషస్‌లో తెలుగువారికి ‘కోరంగి’వాళ్ళనే పేరు పడింది. మోసం, కొరడా, తోటల కొట్టాలు అన్నీ ఉన్నాయి. కాని ఒప్పందానికి గడువుంది, కూలీని వేలం వేయలేరు, బిడ్డ ఒప్పందంలో పుట్టదు. వెట్టి దీనికి భిన్నంగా కులంతోనూ, ఊరితోనూ, దొర గడీతోనూ ముడిపడింది. వెట్టివాడిని సంతలో అమ్మరు, కాని ఊరు దాటి పోనివ్వరు. ఏది ఎక్కువ క్రూరమన్న పోటీ అనవసరం.

హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేరుకు ఆఫ్రికాతో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజం. నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వదళం (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) నివసించిన చోటది. హబ్సిగూడ పేరులోనూ హబ్షీలు, అంటే ఆఫ్రికా నుంచి వచ్చినవారు, ఉన్నారు. అయితే వారి పూర్వీకులది హిందూ మహాసముద్రపు దారి. ఇథియోపియాలో పుట్టి, పలు సంతల్లో చేతులు మారి, అహ్మద్‌నగర్ రాజ్యాన్ని నడిపిన మంత్రిగా 1626లో మరణించిన మాలిక్ అంబర్ ఆ దారినే వచ్చాడు. అట్లాంటిక్ అవతల అలాంటి ఎదుగుదలకు చోటు లేదు.

ఒక్క పుస్తకంతో మొదలుపెట్టాలంటే ఏది చదవాలి?

అమెరికన్ రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ రాసిన ‘బారకూన్’. దిగుమతి నిషేధం వచ్చిన 52 ఏళ్ళకు, 1860లో క్లోటిల్డా అనే ఓడ 110 మందిని దొంగచాటుగా అలబామాకు తెచ్చింది. ఆనవాలు దొరకకుండా ఓడను తగలబెట్టారు. వారిలో ఒకడైన కొసోలాను హర్‌స్టన్ 1927–28లో కలిసి, పీచ్ పండ్లు, పుచ్చకాయలు పట్టుకెళ్ళి, అతడు మాట్లాడదలచిన రోజు విని, వద్దన్న రోజు తిరిగి వెళ్ళి, అతడి మాటను అతడి యాసలోనే రాసుకుంది. దాహోమీ సైనికులు తెల్లవారుజామున ఊరి మీద పడటం, తీరంలోని బందీల కొట్టం, ఓడ, ఆ తర్వాత బతుకు, కళ్ళెదుటే పోయిన భార్యా పిల్లలు: అన్నీ అందులో ఉన్నాయి. యాస తీసేసి శిష్ట భాషలో రాస్తే అచ్చువేస్తామని ప్రచురణకర్త అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. మాండలికంలో కథ రాసి పత్రికల నుంచి వెనక్కి తెచ్చుకున్న మన రచయితలకు ఈ సంగతి కొత్తగా ఉండదు. పుస్తకం 2018లో గాని వెలుగు చూడలేదు. అలబామాలోని మొబైల్ అనే నది బురదలో క్లోటిల్డా అవశేషాలను గుర్తించింది ఆ మరుసటి ఏడు.

అందులో ఒక చోట హర్‌స్టన్ ఫోటో తీస్తానంటే కొసోలా లోపలికి వెళ్ళి తన దగ్గరున్న మంచి సూటు వేసుకుని వస్తాడు, కాళ్ళకు మాత్రం జోళ్ళు తీసేస్తాడు. ఆఫ్రికాలో ఉన్నట్టు కనిపించాలని అతడి కోరిక. తన వాళ్ళ సమాధుల మధ్య అలాగే నిలబడతాడు.